మొండి చీము పెంపకం

మందులకు లొంగని సెగ్గడ్డ ఒక్క రోజులో తయారు కాదు. దానికి ఓపిక ఉండాలి, ఇంటిల్లిపాది సహకారం ఉండాలి, డాక్టరు చీటీ అంటే మనసులో కాస్త చులకన ఉండాలి. ఇవన్నీ మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం జనానికి దండిగానే ఉన్నాయి. కొరవడిందల్లా పద్ధతి. తెలియక చేస్తున్న పనినే తెలిసి చేస్తే ఫలితం ఇంకా త్వరగా వస్తుందన్న నమ్మకంతో ఈ సలహాలు రాస్తున్నాను. చదివి, కత్తిరించి, బీరువా తలుపు లోపలివైపు అంటించుకోండి. పాత మాత్రలు ఎలాగూ అక్కడే ఉంటాయి.

సరుకు ఎక్కడ దొరుకుతుందని దిగులొద్దు. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే క్రిమి, డాక్టర్లు పొట్టిగా స్టాఫ్ అంటారు, పదిమందిలో ఇద్దరు ముగ్గురి ముక్కులో ఏ ఇబ్బందీ పెట్టకుండా కాపురం ఉంటుంది. చర్మం ఎక్కడో చిట్లితే లోపలికి దిగుతుంది. దిగితే సెగ్గడ్డ, చీముకురుపు, బాలింతకు రొమ్ముగడ్డ, షుగరు ఉన్నవాళ్ళకు కాలిపుండు, ఆపరేషన్ కుట్లలో చీము. రక్తంలో కలిసిందా, ఎముకల్లో, ఊపిరితిత్తుల్లో, గుండె కవాటాల మీద కూడా కూర్చుంటుంది. మామూలు స్టాఫ్ తగిన మందు వేస్తే చస్తుంది. అలాంటిదాన్ని పెంచి లాభం లేదు. మనకు కావలసింది మెథిసిలిన్‌కు లొంగని రకం, ఎంఆర్ఎస్ఏ.

ఆ రకాన్ని మొదట 1961లో బ్రిటన్‌లో గుర్తించినట్టు రాశారు. పెన్సిలిన్‌ను తట్టుకునే స్టాఫ్‌ను చంపడానికని మెథిసిలిన్ తెచ్చి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు. ఆ తర్వాత చాలాకాలం అది ఆసుపత్రుల్లో పుట్టి ఆసుపత్రుల్లోనే తిరిగే క్రిమి అనుకున్నారు. 1997–99 మధ్య అమెరికాలోని మినసోటా, నార్త్ డకోటా రాష్ట్రాల్లో, అంతకుముందు ఆసుపత్రులతో సంబంధం లేని నలుగురు పిల్లలు దీనివల్ల చనిపోయాక, ఇది వీధిలోకి వచ్చేసిందని ప్రపంచానికి తెలిసింది.

మన వీధిలోకి ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు గానీ, వచ్చి పాతుకుపోయిందనడానికి కాగితం ఉంది. ధర్మవరం పక్కనే బత్తలపల్లిలో ఉన్న ఆర్డీటీ ఆసుపత్రి డాక్టర్లు, గడ్డలతో పుళ్ళతో వచ్చినవాళ్ళ చీమును పరీక్షించిన ఫలితాలను 2012లో ప్రచురించారు. ఆసుపత్రిలో కాదు, ఊళ్ళలోనే అంటుకున్న స్టాఫ్‌లో మూడింట రెండు వంతులకు దగ్గరగా మొండి రకమే. ఐదేళ్ళలోపు పిల్లల్లో ఇంకాస్త ఎక్కువ. దేశంలోని పెద్దాసుపత్రుల లెక్కలు చూసే ఐసీఎంఆర్ నివేదికల్లో ఈ వాటా 2016లో 28.4 శాతం, 2021కి 42.6 శాతం. అంటే నగరాల పెద్దాసుపత్రులు నానా తంటాలు పడి కూడా మన పల్లెలను అప్పటికింకా అందుకోలేదు. ఈ ఘనత ఊరికే రాలేదు. నిలబెట్టుకోవడం మన చేతుల్లో ఉంది.

మొదటి పని మందుల షాపులో మొదలవుతుంది. ధర్మవరంలో ముహూర్తాల రోజులు. గుంట మగ్గం మీద పట్టుచీర సగంలో ఉంది. నేసే మనిషి గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసి పొద్దస్తమానం తొక్కాలి. సరిగ్గా కూర్చునే చోటే గడ్డ లేసింది. మజూరీ చీర లెక్కన వస్తుంది, గడ్డ లెక్కన రాదు. షావుకారు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. ఆ మనిషి సర్కారు ఆసుపత్రికి పోయి, ఓపీ చీటీ రాయించుకుని, వరసలో నిలబడితే ఒక రోజు కూలి గోవిందా. షాపుకు పోతే రెండు నిమిషాలు.

“అన్నా, కూసునేకి అయితా లేదు. గట్టి మాత్ర ఏదన్నా ఇయ్యి.”

“యాడ లేసింది?”

“అది సెప్పేది కాదులే. ఇయ్యప్పా.”

“ఎన్ని రోజులకి?”

“రెండు రోజులకు సాలు. తగ్గకుంటే మళ్ళా వస్తా.”

ఈ సంభాషణలో ఒక్క మాట కూడా మార్చవద్దు. షాపాయన గడ్డను చూడలేదు, మీరు చూపించలేదు, రోజుల లెక్క మీ జేబు చెప్పింది. మొండి క్రిమికి ఇంతకంటే మంచి ఆరంభం ఉండదు. ఆయన స్ట్రిప్ తీసి కత్తెరతో నాలుగు మాత్రల మేరకు కత్తిరిస్తాడు. మందు పేరు, ఎక్స్‌పైరీ తేదీ, వెనకవైపు నిలువునా ఉన్న ఎర్రగీత కత్తిరించని ముక్కతోపాటు ఆయన డబ్బాలోనే ఉండిపోతాయి. మీకు వచ్చేది వెండి రేకు, నాలుగు బుడిపెలు. దాన్ని పాత పేపరు ముక్కలో చుట్టి ఇస్తాడు. పేరు అడగకండి. అడిగితే బిల్లు రాయమంటారేమోనని ఆయన మొహం చిట్లిస్తాడు.

ఆ ఎర్రగీత గురించి ఒక మాట చెప్పి వదిలేస్తాను. డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు అని గుర్తు. 2016లో కేంద్రం దాని గురించి ప్రచారం కూడా చేసింది. అంతకుముందే 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అని ఒక నిబంధన అమల్లో ఉంది. ఆ జాబితాలోని మందు అమ్మితే రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చిందీ ప్రత్యేక రిజిస్టరులో ఎక్కించి, మూడేళ్ళు భద్రపరచాలి. మీరు నిజంగా ఊరి మేలు కోరేవారైతే ఆ రిజిస్టరు సంగతి షాపులో ఎత్తకండి.

మందు ఎంపికలో కూడా మెలకువ ఉంది. సెఫిక్సిమ్ అడగండి. గొంతునొప్పికీ, జ్వరానికీ, విరేచనాలకూ, గడ్డకూ అందరూ వాడేది అదే కదా. దానికి మామూలు స్టాఫ్ మీదే పెద్దగా పట్టు లేదు, మొండి రకం సంగతి చెప్పనే అక్కర్లేదు. అమాక్సిసిలిన్ క్లావులనిక్ ఆమ్లం కలిసిన పెద్ద మాత్ర ఖరీదెక్కువ కాబట్టి గట్టిదనుకుంటాం. ఎంఆర్ఎస్ఏ మీద అదీ దండగే. ఎందుకో నేతగాళ్ళకు చెప్పడం తేలిక. ఈ క్రిమి తన ఒంటి చుట్టూ గోడను పడుగూ పేకా కలిపినట్టు అల్లుకుంటూ పెరుగుతుంది. పెన్సిలిన్ కుటుంబం మందులన్నీ ఆ అల్లే చెయ్యిని పట్టుకుని ఆపుతాయి. అల్లిక ఆగితే గోడ చిరిగి క్రిమి చస్తుంది. మొండి రకం దగ్గర మెక్‌ఏ అనే జన్యువు ఉంటుంది. అది మందు పట్టుకు దొరకని ఇంకో చెయ్యిని తయారుచేసి పెడుతుంది. మొదటి చెయ్యి ఆగిపోయినా రెండోది నేస్తూనే ఉంటుంది. మీరు మింగిన మాత్ర చేసే పనల్లా ఒంట్లో ఉన్న మెత్తటి క్రిములను చంపి, ఈ రెండు చేతులవాడికి చోటు ఖాళీ చేసివ్వడం.

అందుకే జలుబుకూ, వైరల్ జ్వరానికీ యాంటీబయాటిక్ తప్పకుండా వాడండి. వైరస్‌కు దానివల్ల వెంట్రుక కూడా ఊడదు. కానీ అదే సమయంలో ముక్కులో కాపురమున్న స్టాఫ్‌కు మందు పరిచయమవుతుంది. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి పోతే సూది వేయమని పట్టుపట్టండి. మాత్ర రాసిచ్చి పంపేవాణ్ణి రెండోసారి నమ్మొద్దు. సూదిలో ఏముందో అడగడం మర్యాద కాదు. యాంటీబయాటిక్ ఒకటి, నొప్పి మందు ఒకటి, వాటికి తోడు స్టెరాయిడ్ పడిందంటే సాయంత్రానికల్లా లేచి తిరుగుతారు. ఆ పూటకు ఆయన చెయ్యి మంచిదని పేరొస్తుంది. స్టెరాయిడ్ మీ ఒంటి కాపలాను నిద్రపుచ్చుతుందనీ, గడ్డ లోపల పనులు చురుగ్గా సాగుతాయనీ చెప్పి ఆయన పేరు ఎందుకు చెడగొట్టాలి?

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది: గడ్డను కోయించుకోవద్దు. డాక్టర్లు కోసేస్తామంటారు. చీము నిండిన గడ్డకు అసలు వైద్యం అదేనంటారు. చిన్న కోత పెట్టి, చీమంతా బయటికి తీసి, గాజుగుడ్డ పెట్టి కట్టు కడితే, చాలా గడ్డలు అదనంగా పెద్ద మందేమీ లేకుండానే మానతాయంటారు. చీము గూడు కట్టిన చోటికి రక్తం సరిగా పోదు, రక్తంలో ఉన్న మందూ పోదు. ఇదంతా నిజమే. నిజమే కాబట్టే తప్పించుకోవాలి. కోయించుకుంటే మొండి క్రిమి డ్రెస్సింగ్ గది ట్రేలోకి పోతుంది, మీ ఒంట్లో ఉండదు. దానికి బదులు సున్నం, బెల్లం కలిపి పట్టు వేయండి. పైన మందుల షాపు మాత్ర. దానిపైన మూడు నాలుగు మందులు ఒకే ట్యూబులో కలిపిన తెల్ల క్రీము. తామరకూ, మొటిమకూ, ముఖం తెల్లబడడానికీ అమ్మేది అదే, ఇంట్లో ఉండే ఉంటుంది. అందులోనూ స్టెరాయిడ్ ఉంటుంది, కాస్త యాంటీబయాటిక్ కూడా ఉంటుంది, రెండూ గడ్డ పైచర్మానికే.

గడ్డ పండిందనిపిస్తే రెండు బొటనవేళ్ళతో నొక్కండి. పైపెదవి మీదా, ముక్కు కొసనా లేసిన గడ్డను అద్దం ముందు నిలబడి మరీ నొక్కండి. అక్కడి రక్తనాళాలకు మెదడు కిందున్న సిరలతో దారి ఉంది, చీము ఆ దారి పడితే చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. డాక్టర్లు అక్కడ చెయ్యి పెట్టొద్దని అంతగా మొత్తుకునేది అందుకే. పెళ్ళిచూపులు ఎల్లుండి ఉన్నవాళ్ళు ఇంత శరీరశాస్త్రం ఆలోచిస్తూ కూర్చోలేరు.

మాత్రలు ఎప్పుడు ఆపాలో మీరే నిర్ణయించుకోండి. డాక్టరు ఇన్ని రోజులని రాశాడంటే ఆయనకు మీ కష్టసుఖాలు తెలియవని అర్థం. నొప్పి తగ్గిన పూటే ఆపేసి, మిగిలినవి దాచండి. వదిన మోకాలిమీద కురుపు లేస్తే రెండు ఆమెకు, మనవడికి చెవిపోటొస్తే సగం విరిచి వాడికి. ఇచ్చిపుచ్చుకోవడం మన సంప్రదాయం. ఈ పద్ధతిని ఎనభై ఏళ్ళ కిందటే ఒకాయన వర్ణించాడు. 1928లో స్టాఫ్ పెంచుతున్న గాజుపళ్ళెంలోనే పెన్సిలిన్ జాడ పట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్, 1945 డిసెంబరులో నోబెల్ ప్రసంగంలో ఒక గొంతునొప్పి మనిషి కథ చెప్పాడు. ఆ మనిషి సొంతంగా పెన్సిలిన్ కొని, క్రిములు చావడానికి చాలని మోతాదు మింగుతాడు. అవి చావకపోగా మందును తట్టుకోవడం నేర్చుకుంటాయి. నేర్చుకున్న క్రిమి పెళ్ళానికి అంటుకుంటుంది. ఆమెకు న్యుమోనియా వస్తే పెన్సిలిన్ పనిచేయదు. కథలో చచ్చేది మాత్ర మింగినవాడు కాదు, ఆవిడ. ఫ్లెమింగ్ దాన్ని హెచ్చరికగా చెప్పాడు. మనం కుటుంబ వైద్యంగా స్వీకరించాం.

ఇంట్లో పంచుకోవలసినవి ఇంకా ఉన్నాయి. ఇంటికంతా ఒకే తువ్వాలు పెట్టండి. గడ్డ ఉన్నవాడు తుడుచుకున్నాకే పిల్లలకు ఇవ్వండి. గడ్డం గీసే బ్లేడు అన్నదమ్ములిద్దరికీ ఒకటి చాలు. చీము తుడిచిన గుడ్డను ఉడకేసి ఉతకడం, ఎండలో ఆరేయడం, కట్టు మార్చాక సబ్బుతో చేతులు కడగడం, ఇవన్నీ పనిలేనివాళ్ళ పనులు. కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక పెనుకొండ చుట్టుపక్కల అద్దెగదుల్లో షిఫ్టులవారీగా పడుకునే కుర్రాళ్ళకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ఒక చాప మీద పొద్దున ఒకరు, రాత్రి ఒకరు, కొక్కేనికి ఒకే లుంగీ.

హిందూపురం వైపు పట్టు తీసేవాళ్ళ చేతులు చూశారా? మార్కెట్లో గూళ్ళు కొని తెచ్చి, మరుగునీళ్ళలో వేసి దారం కొస దొరకబట్టాలి. దినమంతా వేళ్ళు వేడినీళ్ళలో నాని, తెల్లగా ఉబ్బి, కణుపుల దగ్గర పగుళ్ళిస్తాయి. గోరుచుట్టు వస్తే దారం కొస వేలికి తెలియదు. వాళ్ళు పగుళ్ళకు ఏ నూనో రాసి, గుడ్డపేలిక చుట్టి మళ్ళీ అదే తొట్టిలో చెయ్యి పెడతారు. స్టాఫ్ లోపలికి రావడానికి ఇన్ని తలుపులు తెరిచిపెట్టిన పని ఇంకోటి నాకు కనబడలేదు. వాళ్ళను వేళాకోళం చేయడానికి నాకు నోరు రాదు. చేతికి తొడుగు వేసుకుంటే దారం తెలియదు, పని మానితే కూలి లేదు. వాళ్ళకు సలహా ఏమీ లేదు, పక్కకు జరుగుతున్నాను.

కల్చర్ పరీక్ష జోలికి మాత్రం పోవద్దు. అంతకంటే చెడ్డ అలవాటు లేదు. మందు మొదలుపెట్టకముందే చీమును దూదిపుల్లతో తీసి ల్యాబుకు పంపుతారు. అక్కడ గాజుపళ్ళెంలో పరిచి ఒక రాత్రి పెంచుతారు. మర్నాడు దానిమీద మందు అద్దిన కాగితపు బిళ్ళలు వరసగా పెడతారు. మూడోరోజు చూస్తే, పనిచేసే మందు బిళ్ళ చుట్టూ క్రిమి పెరగని ఖాళీ వలయం ఉంటుంది. సెఫాక్సిటిన్ బిళ్ళ అంచుదాకా క్రిమి దట్టంగా పాకేసి ఉంటే అది ఎంఆర్ఎస్ఏ. ఏ మందు దండగో, ఏది పనికొస్తుందో కళ్ళెదురుగా తేలిపోతుంది. మూడు రోజులు ఆగితే ఇంత స్పష్టంగా తెలిసే విషయాన్ని తెలుసుకోకుండా ఉండాలంటే గట్టి మనసు కావాలి. ఎప్పుడైనా పొరపాటున డాక్టరు రాసినా, “ముందు ఈ మాత్రలు వాడి సూస్తాం సార్, తగ్గకుంటే అప్పుడు పరీక్ష” అనండి. మాత్రలు పడ్డాక తీసిన చీములో క్రిమి సరిగా పెరగకపోవచ్చు, రిపోర్టు ఖాళీగా వస్తుంది, “ఏమీ లేదంట” అని అందరికీ చెప్పుకోవచ్చు.

ఆసుపత్రిలో చేరినవాళ్ళను చూడ్డానికి పోయేటప్పుడు గుంపుగా పోండి. మంచం మీద కూర్చోండి. కట్టును తాకి “ఇంకా తడిగా ఉందే” అనండి. అదే చేత్తో పక్క మంచం బాలింత బిడ్డ బుగ్గ నిమరండి. వార్డు తలుపు దగ్గర చేతులకు రాసుకునే ద్రవం సీసా ఉంటుంది, దాన్ని చూడనట్టే దాటండి. తెల్లకోటు వేసుకున్నవాళ్ళల్లోనూ కొందరు అలాగే దాటతారు, కాబట్టి మీ ఒక్కరికే సిగ్గు అక్కర్లేదు. సిజేరియన్ కుట్లు చీము పట్టి బాలింత నెల్లాళ్ళు మంచం దిగకపోతే అది ఆమె పథ్యం సరిగా చేయకనే.

కొంతమంది నిరాశావాదులు ఇంకా మందులున్నాయి కదా అంటారు. ఉన్నాయి. అవి కూడా అయిపోయేదాకా మన పని పూర్తి కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలో, 1948లో, ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. ఆయన అదే ఏడాది ఆగస్టులో చనిపోయాడు. ఆ కుటుంబంలోదే డాక్సీసైక్లిన్. ఆ కుటుంబం పుట్టి డెబ్భై అయిదేళ్ళు దాటినా, ఇది చౌకగా, మొండి స్టాఫ్ గడ్డల మీద చాలా సందర్భాల్లో ఇప్పటికీ పనిచేస్తోంది. మన తెలుగువాడి చలవ అని గర్వపడుతూనే దాన్ని కూడా దగ్గుకూ, మొటిమకూ, కోళ్ళకూ వాడి పాడుచేయవచ్చు. కోళ్ళ మేతలో కలిపితే బరువు పెరుగుతాయని కనిపెట్టింది కూడా లెడర్లీ వాళ్ళే.

తర్వాతి వరసలో వాంకోమైసిన్ ఉంది. మాత్రగా మింగితే రక్తంలోకి ఎక్కదు. నరంలోకి గంటకు తగ్గకుండా నెమ్మదిగా ఎక్కించాలి, రోజుల తరబడి, మూత్రపిండాల మీద ఒక కన్నేసి. మగ్గం మీది మనిషికి అన్ని రోజులు మంచం. 2002లో అమెరికాలోని మిషిగన్‌లో దానికి కూడా పూర్తిగా లొంగని స్టాఫ్ దొరికింది. లినెజోలిడ్ మాత్రగానూ దొరుకుతుంది. మొదటి రోజే అదే అడిగి వాడేస్తే మిగతా మెట్లన్నీ ఎక్కే శ్రమ తప్పుతుంది. 2019 ఒక్క సంవత్సరంలో ప్రపంచం మొత్తం మీద లక్షమందికి పైగా ఎంఆర్ఎస్ఏ మొండితనం వల్లే చనిపోయారని లాన్సెట్ పత్రిక 2022లో అచ్చేసింది. అందులో మన తాలూకాల వాటా ఎంతో విడిగా రాయలేదు. పేరు రాలేదని నొచ్చుకోకండి.

ఇంత చేశాక ఏదో ఒక రాత్రి జ్వరం దిగదు. గడ్డ ఉన్న తొడ ఎర్రగా కందిపోయి, ముట్టుకుంటే కాలుతుంది. మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు. అప్పుడు అప్పుచేసి కారు మాట్లాడుకుని, గౌరిబిదనూరు మీదుగా బెంగళూరు పోతారు. అక్కడ క్యాజువాలిటీలో కుర్ర డాక్టరు సెలైన్ పెడుతూ, తల ఎత్తకుండానే, ఇంతకుముందు ఏ మందులు వాడారని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు సరైన జవాబొస్తే ఆమెకు సగం దారి దొరికినట్టే. కాబట్టి జేబులోంచి వెండి రేకు ముక్క తీసి చూపించండి. ఆమె దాన్ని లైటు కింద అటూ ఇటూ తిప్పి చూస్తుంది. బుడిపెలు నాలుగు, అన్నీ ఖాళీ.

“పేరేంటండీ ఈ మందు?”

“తెల్లవి మేడమ్. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మంచిగానే పనిచేసినాయి.”